ఆత్మకా, క్షేమానికా

ఎడమచేత్తో ఆల్చిప్పను బల్లకు అదిమిపట్టి, అంచు మీద సుత్తితో ఒక్క పోటు వేసి, చిట్లిన చోట కత్తి మొన దూర్చి మెలితిప్పింది థోవా. చిప్ప విడింది. లోపలి మెత్తటి మాంసాన్ని కోసి బకెట్లోకి జార్చింది. వట్టి చిప్పల్ని బల్ల మధ్యనున్న కంతలోకి తోసేసి, చూడకుండానే ఇంకోదాన్ని అందుకుంది. దేశం విడిచి వచ్చి మేం చేరిన బిలాక్సీ రేవు మీద అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. షెడ్డు రేకుల కింద మాత్రం మా ఆడవాళ్లు రెండు వరుసల్లో నిలబడి చాలాసేపటి నుంచే కొడుతున్నారు.

థోవా పొట్టి మనిషి. బల్ల అందక కాళ్ల కింద చెక్కపెట్టె వేసుకుంటుంది. అరవై దాటిన ముఖం గాలికీ ఉప్పుకీ ముడతలు పడిపోయింది గాని జుట్టింకా సగానికి పైగా నల్లగానే ఉంది. కుడిచేతి వేళ్లు కత్తి పిడి పట్టుకున్న వంపులోనే బిగుసుకుపోయాయి, అన్నం తినేటప్పుడు కూడా తిన్నగా రావు. పాదాల దాకా వేలాడే ప్లాస్టిక్ గుడ్డ కింద కూతురు పాతబడిందని వదిలేసిన స్వెట్టరు వేసుకుంటుంది. కూతురు క్వే సముద్రం ఒడ్డునున్న జూదశాలలో పేక పంచే ఉద్యోగం చేస్తుంది, స్వెట్టరు అక్కడిదే. రోజూ జపమాల తిప్పే ముసలమ్మ గుండెల మీద ఆఠీన్ రాణి బొమ్మ ఏమిటని షెడ్డంతా నవ్వుతుంది. వెచ్చగా ఉంది కదా, రాణి అయితేనేం జాకీ అయితేనేం అంటుంది థోవా.

పక్క బల్ల ముయిది. ముయి అంటే పది. వాళ్లింట్లో తొమ్మిదో పిల్లే అయినా పేరు మాత్రం పది. మా దేశంలో దక్షిణాన డెల్టా జనం మొదటి బిడ్డను ఒకటి అనరు, రెండు అంటారు. తొలిచూలును దయ్యాలు ఎత్తుకుపోతాయని భయం. దయ్యాలకు లెక్కలు రావా అని థోవా ఎగతాళి చేస్తే, వస్తే మనల్ని ఇక్కడిదాకా రానిచ్చేవా అని ముయి అంటుంది. ఇద్దరూ ఈ పోట్లాట ఏళ్ల తరబడి పోట్లాడుతున్నారు. ముయి బౌద్ధురాలు, థోవా క్రైస్తవురాలు. తెల్లారకుండా థోవాను కారులో ఎక్కించుకొచ్చేది ముయే.

ఆ వేళ థోవా చెయ్యి మాటిమాటికీ ఆగుతోంది. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా లాగుతోందని రెండుసార్లు కత్తి కింద పెట్టింది. నవంబరు చలికి అంతేలే అనుకుంది. ముయి కళ్లు మాత్రం చిప్పల మీదా ఉంటాయి, పక్క మనిషి మీదా ఉంటాయి. ఆత్మల పండుగ రేపే కదా, పేర్లిచ్చావా అక్కా అని అడిగింది. ఇవాళ దిగాక ఇస్తానంది థోవా. ఎవరెవరివి అని ముయి అడగలేదు. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు.

మా గుడిలో పూజ చెప్పించాలంటే ఫాదర్ ముందుగా అడిగేది ఒక్కటే మాట: ఆత్మకా, క్షేమానికా? పోయినవాళ్లకైతే ఆత్మకు, ఉన్నవాళ్లకైతే క్షేమానికి. మూడో దారి లేదు. ఆత్మల పండుగనాడు శ్మశానంలోనే పూజ చేసి, పోయినవాళ్ల పేర్లన్నీ మైకులో పిలుస్తారు. థోవా ఏటా అమ్మానాన్నల పేర్లు, మొగుడు ఖాంగ్ పేరు ఆత్మకు చెబుతుంది. కొడుకు లువాన్ పేరు దగ్గరకు వచ్చేసరికి క్షేమానికి అంటుంది. ఇరవై ఏళ్లుగా ఇదే వరస.

కొడుకు బతికే ఉంటే వాడి పేరు శ్మశానంలో పిలిపించడమంత పాపం ఇంకోటి లేదు. పోయి ఉంటే మాత్రం, ఇన్నేళ్లుగా ఒక్క ప్రార్థనా అందక, పోయినవాళ్లు పాపాలు కడుక్కునే ఉత్తరించే స్థలంలో తల్లి పిలుపు కోసం నిలబడే ఉన్నాడన్నమాట. ఇటు చూస్తే బతికున్న బిడ్డను నోటితో చంపినట్టు, అటు చూస్తే చచ్చిన బిడ్డను ఆకలితో మాడ్చినట్టు. అడకత్తెరలో పోకచెక్క బతుకంటే అదే. థోవా ఏడాది పొడుగునా దాన్ని పక్కకు నెట్టి చిప్పలు కొట్టుకుంటుంది గాని, నవంబరు వచ్చేసరికి అది వచ్చి ఎదురుగా కూర్చుంటుంది.

మధ్యాహ్నం తిండి బల్ల దగ్గర ముయి ఆమె ముఖం చూసి, నీకు గాలి పట్టిందక్కా అని తేల్చేసింది. ముఖం పాలిపోయింది, నుదుటి మీద చెమట. స్వెట్టరు పైకి లాగమని, వీపుకు పచ్చ తైలం రాసి, చెంచా అంచుతో వెన్నుకు రెండు వైపులా గీకింది. చారలు ఎర్రగా, తరవాత ఊదాగా తేలాయి. చూశావా ఎంత గాలి ఉందో, బయటికి పోతోందిలే అని సంబరపడింది. థోవా కూడా హాయిగా ఉందంది. మా వాళ్లకు తలనొప్పి వచ్చినా, కడుపులో తిప్పినా, గుండెలో పట్టేసినా గాలే కారణం, చెంచాయే మందు. షెడ్డులో ఏ ఆడమనిషి వీపు చూసినా ఈ చారలు ఉంటాయి.

గీకుతూ గీకుతూ ముయి తన ధోరణిలో అనేసింది.

"మా వైపు ఇంత తంటా లేదక్కా. ఏడో నెల పున్నమికి దిక్కులేని ఆత్మలన్నిటికీ కలిపి వాకిట్లో జావ పోసేస్తాం. ఎవరికి అందింది వాళ్లు తాగిపోతారు. పేర్లడగం."

"నా కొడుకు దిక్కులేనివాడటే?"

ముయి నాలిక్కరుచుకుంది. తరవాత తన డబ్బాలోంచి వేయించిన చేపముక్క తీసి థోవా అన్నం మీద పెట్టింది. అదే ఆవిడ క్షమాపణ. థోవా తినేసింది.

పని దిగాక గుడికి నడిచే వెళ్లింది. దూరమేమీ కాదు. తమ వాళ్ల పడవలు బారులు తీరి ఉన్న రేవు పక్కగా, రొయ్యల వలలు ఆరేసిన కంచెల మీదుగా దారి.

థోవా జీవితమంతా మూట కట్టుకుని పడవ ఎక్కడమే. ఉత్తరాన బుయి చూ దగ్గర పల్లెలో పుట్టింది. దేశాన్ని రెండుగా చీల్చిన ఏడు, ఊరి ఫాదర్ గంట కొట్టించి మనం దక్షిణానికి పోతున్నామన్నాడు. ఊరికి ఊరే ఓడ ఎక్కింది. అప్పటికి ఆమెకు పదహారో పదిహేడో. ఫువాక్ తిన్ అనే చేపల రేవులో దిగి, అక్కడే స్థిరపడి, నౌకాదళంలో చిన్న అధికారి ఖాంగ్‌ను చేసుకుంది. కొడుకు పుట్టాడు, చాలా ఏళ్లకు కూతురు పుట్టింది. సైగాన్ పడిపోయాక కొత్త ప్రభుత్వం ఖాంగ్‌ను బుద్ధి మార్చే చదువని ఖైదు శిబిరానికి రమ్మంది. పదిరోజుల తిండి తెచ్చుకోమంది. థోవా ఎండుచేపలు, బియ్యం మూటగట్టి ఇచ్చింది. ఆ పదిరోజులు ఇంకా అవలేదు. రెండో ఏడు వానాకాలంలో విరేచనాలతో పోయాడని, పక్క పాక ఖైదీ విడుదలై వచ్చి చెప్పాడు. ఆ మనిషే తన చేతులతో పూడ్చాడు కాబట్టి ఖాంగ్ పేరు గురించి ఏ సందేహమూ లేదు.

తరవాత ఇల్లు పోయింది, అడవి నరుక్కోమని బంజరుకు తోలారు. అదీ భరించింది. లువాన్‌కు పద్దెనిమిది వస్తున్నాయి, కంబోడియా మీద యుద్ధం మొదలైంది, వీధిలో కుర్రాళ్లను ఒక్కొక్కరినే తీసుకుపోతున్నారు. పోయినవాళ్లలో కొందరు కాళ్లు లేకుండా వచ్చారు, చాలామంది రాలేదు. అప్పుడు మాత్రం భరించలేకపోయింది. జనం మమ్మల్ని అడుగుతారు, మీరెందుకొచ్చారూ అని. స్వేచ్ఛ కోసమని పండగ ఉపన్యాసాల్లో చెబుతాం. థోవా అయితే లువాన్ కోసమని ఒక్క మాటలో చెప్పేస్తుంది.

మూడో నెలలో ముసలమ్మ కూడా సముద్రం మీద పోవచ్చని మా సామెత. నీళ్లు అంత నిమ్మళంగా ఉంటాయి. అందుకే ఆ నెలే ఎంచుకున్నారు. మా రేవుల్లో అప్పుడొక కట్టుబాటు ఉండేది. పారిపోయేటప్పుడు ఒక ఇంటివాళ్లంతా ఒకే పడవ ఎక్కరు. ఒకటి మునిగినా, పట్టుబడినా, ఇంకోటి ఒడ్డు చేరుతుంది. ఒక ఇంటి దీపాలన్నీ ఒకే గాలికి పెట్టకూడదని పెద్దవాళ్లు అనేవారు. థోవా మరిదిది కొత్త ఇంజను పడవ, గట్టి చెక్క, సముద్రం ఎరిగిన మనిషి. లువాన్ అందులో ఎక్కాడు. రెండోది నదిలో కొబ్బరికాయలు మోసిన పాత పడవ, అడుగున నీళ్లు ఊరుతుంటే తోడుతూనే ఉండాలి. థోవా, క్వే దాంట్లో ఎక్కారు. ఒకే సాయంత్రం రెండూ బయల్దేరాయి. కొబ్బరికాయల పడవ మలేషియా ఒడ్డుకు చేరింది. కొత్త ఇంజను పడవ ఇంతవరకూ ఎక్కడా చేరలేదు.

చేరలేదని ఎవరూ ఖాయంగా చెప్పనూ లేదు. థాయి చేపల ఓడల మీద వయసు కుర్రాళ్లను పట్టుకుపోయి చాకిరీ చేయిస్తున్నారని మలేషియా శరణార్థుల శిబిరంలో అనుకున్నారు. కాలిఫోర్నియాలో ఒక దుకాణంలో అచ్చం లువాన్‌లాంటివాణ్ణి చూశామని ఎవరో అంటే, క్వే బస్సెక్కి వెళ్లి చూసి వచ్చింది. వాడు వేరే తల్లి కొడుకు. దింపుడు కళ్లం ఆశ ఉండేదే అలాంటి కబుర్ల మీద. ఆ కబుర్లు కూడా ఈమధ్య రావడం మానేశాయి.

గుడి వసారాలో తిన్ ఫాదర్ ఒక్కడే ఉన్నాడు. కుర్రవాడు, చంటిబిడ్డగా పడవలోనే వచ్చాడని చెప్పుకుంటారు. కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. థోవా తండ్రి పేరు, తల్లి పేరు, ఖాంగ్ పేరు చెప్పింది. ముగ్గురూ ఆత్మకు. తరవాత లువాన్ అంది. అని ఆగింది. ఏటా తడుముకోకుండా వచ్చే మాట ఈసారి రాలేదు. పోనీ ఆ రెండో మాట అందామనుకుంది. అదీ రాలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఆ భయంతో నోరు బిగుసుకుపోయింది. ఫాదర్ తొందరపెట్టలేదు.

"వాడెక్కడున్నాడో దేవుడికి తెలుసమ్మా. మీరు ఎటు చెప్పినా ప్రార్థన వాడున్న చోటికే చేరుతుంది."

"దేవుడికి తెలిస్తే ఏం లాభం ఫాదర్? చెప్పాల్సింది నా నోరు కదా."

ఆయన కాగితంలో లువాన్ పేరు రాసి, పక్కన ఖాళీ వదిలాడు. పొద్దున పూజకు ముందు చెబుతానని లేచింది థోవా. మెట్లు దిగేటప్పుడు చెయ్యి మళ్లీ లాగింది.

క్వే డ్యూటీకి పోయేముందు వచ్చి అన్నం తిని వెళ్లడం అలవాటు. ముప్పై దాటిన పిల్ల, పెళ్లి చేసుకుని విడిపోయింది. తెల్లచొక్కా, నల్ల కోటు, మెడకు బిగించిన చిన్న టై. పేక పంచే చేతులు కాబట్టి గోళ్లు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి. థోవా పుల్లటి చేపల చారు కాచి, పెరట్లో కాకరకాయలు కోసి గుడ్డుతో వేయించింది. తను తినలేదు, ముయి పెట్టిన చేపముక్కే ఇంకా అరగలేదంది.

క్వేకు అన్నయ్య కలలోకి వస్తున్నాడు. ఈ నెల రోజుల్లో ఇది మూడోసారి. ఒళ్లంతా తడి, వాకిట్లోనే నిలబడతాడు, లోపలికి రమ్మంటే రాడు. ఆ కల ఇదివరకే చెప్పింది. ఈ పూట మళ్లీ చెప్పి, ఈ ఏడాదైనా వాణ్ణి ఆత్మల పూజలో పిలిపించమ్మా, నీళ్లలోంచి బయటపడతాడు అని బతిమాలింది. థోవా గిన్నెలు సర్దుతూ, పొద్దున చూద్దాంలే అని నీళ్లు నమిలింది. క్వేకు కోపం వచ్చింది. నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను, చెల్లెలిని, నాకూ హక్కుందంది. అంతటితో ఊరుకోకుండా, ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో ఎవరూ అనని మాట అనేసింది.

"ఆ కారే పడవలో నన్నెందుకు ఎక్కించావు?"

థోవా చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. అయినా కూతురు అడిగాక అబద్ధం చెప్పలేకపోయింది.

"వాడు మగపిల్లాడు. గట్టి పడవ వాడికిచ్చాను. నువ్వు పోయినా ఇల్లు నిలబడుతుందనుకున్నాను. అలాగే అనుకున్నాను, ఇంకోలా చెప్పను."

క్వే తల పైకెత్తలేదు. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే అయినా, తల్లి నోటితో వినేసరికి గుండెలో కత్తి దిగినట్టే అయింది. చారు గిన్నెలో టమాటా ముక్కను చెంచాతో అటూ ఇటూ తోస్తూ కూర్చుంది.

"మీ బాబాయి పడవలో ఇద్దరికి చోటుంది. నన్నూ ఎక్కమన్నాడు. నిన్ను పొరుగువాళ్లతో పాతదాంట్లో పంపుదామన్నాడు. సరేనని రేవుదాకా వచ్చాను. నువ్వు నీళ్లు తోడే డబ్బా పట్టుకుని ఆ పడవ చివర కూర్చున్నావు. నా వంక చూడను కూడా లేదు. ఇది మునిగితే పిల్ల ఒక్కత్తే మునుగుతుంది కదా అనిపించింది. నా చోటు ఇంకొకళ్లకిచ్చేసి వచ్చి నీ పక్కన ఎక్కాను."

ఈ ముక్క క్వేకు తెలియదు. అమ్మకు చోటు దొరక్క ఆ పడవ ఎక్కిందనే ఇన్నేళ్లూ అనుకుంది. చెంచా గిన్నెలో వదిలేసింది. థోవా ఇంకొక్క మాట అంది.

"వాడు పోయాడని నేనంటే, గట్టి పడవ చూసి మరీ వాణ్ణి పంపింది నేనేనని కూడా అనాలే. అందుకని అనలేకపోతున్నాను. నీ అన్నయ్య మీద ప్రేమ ఎక్కువై కాదు."

డ్యూటీకి వేళయింది. క్వే వాకిలి దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, తల్లి స్వెట్టరు కాలరు సరిచేసింది. మా ఇళ్లలో ముద్దులూ కౌగిలింతలూ లేవు, కాలరు సరిచేయడమే గొప్ప. పొద్దున శ్మశానానికి తనే తీసుకెళతానని చెప్పి కారెక్కింది.

థోవా గిన్నెలు కడిగి, మిగిలిన చారు మూతపెట్టి, పెరటి మెట్టు మీద కూర్చుంది. ఇంకా కాస్త వెలుతురుంది. రేవులో ఎవరిదో ఇంజను తిప్పి చూస్తున్నారు. అది అందుకుంటోంది, ఆగిపోతోంది. ఒళ్లో జపమాల పెట్టుకుని మొదలుపెట్టింది. ఛాతీ మీద ఎవరో చెయ్యి ఆనించినంత బరువుగా ఉంది. ముయి గీకిన చారలు మండుతున్నాయి. గాలి ఇంకా పూర్తిగా పోలేదనుకుంది. నలుగురి పేర్లూ రోజులాగే వరసగా తలుచుకుంది, రోజులాగే అయిదో పేరు క్వేది. కాసేపటికి వీపు గోడకు ఆనించింది. ఇంజను చివరికి అందుకుంది. అది ఆమె విందో లేదో తెలియదు. వేళ్లు పూసల మీద ఆగిపోయాయి.

తెల్లారకముందే, పూజ వేళదాకా పనికి తీసుకెళదామని ముయి వచ్చి హారను కొట్టింది, ఎప్పుడూ కొట్టినట్టే రెండుసార్లు. రాకపోతే పెరట్లోకి వెళ్లి చూసింది. తరవాత క్వే వచ్చింది, ఆ వెనక ఫాదర్ వచ్చాడు. అందరూ కలిసి థోవాను మంచం మీద పడుకోబెట్టి, ముఖం తుడిచారు. గాలే అనుకున్నానమ్మా, గాలే అనుకున్నాను అని ముయి క్వే చెయ్యి వదలకుండా ఏడ్చింది. క్వే ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుంది. అనడానికి ఏముంది, తనైనా చెంచాయే తీసేది.

ప్రార్థన అయ్యాక ఫాదర్ క్వేను పక్కకు పిలిచాడు. ఇవాళ శ్మశానం పూజలో అమ్మ పేరు చదువుతానని చెప్పాడు. నిన్న ఆమె ఒక పేరు దగ్గర ఆగిపోయిందనీ, పొద్దున చెబుతానన్నదనీ చెప్పాడు. ఇక చెప్పాల్సింది నువ్వేనని, అలవాటైన మాటే మెల్లగా అడిగాడు, ఆత్మకా, క్షేమానికా అని.

రాత్రంతా పేక పంచి వచ్చిన క్వే కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిన్న సాయంత్రం ఇదే ఇంట్లో నేనే చెబుతానని తల్లి మీద లేచింది. ఆ మాట సిద్ధంగానే ఉంది. మంచం వైపు చూసింది, ఆఠీన్ రాణి మీద ఎవరో దుప్పటి కప్పారు.

"క్షేమానికే ఫాదర్. వాడు అక్కడే ఉంటే అమ్మే చూసుకుంటుంది. లేకపోతే ఇక్కడ ఎదురుచూడ్డానికి ఒకళ్లుండాలి కదా."

ఫాదర్ తల ఊపాడు. ముయి నీళ్లు కాచడానికి లోపలికి వెళ్లింది. క్వే పెరటి తలుపు వేసేద్దామని వెళ్లి గడప దగ్గరే ఆగిపోయింది. కాకరపాదు పక్కన పాతిన రెండు కర్రలకు థోవా షెడ్డులో వేసుకునే రబ్బరు బూట్లు, నిన్న కడిగి తలకిందులుగా తగిలించినవి, లోపల తడి అంతా కారిపోయి, వేసుకోవడానికి సిద్ధంగా ఆరి ఉన్నాయి.